సూపర్‌మార్కెట్లలో పేరెంట్ అండ్ చైల్డ్ పార్కింగ్: బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు కారు కొన్న తొలి నెలల్లోనే పేరెంట్ బేల గురించి, అంటే చిన్నపిల్లలతో వచ్చేవారి కోసం సూపర్‌మార్కెట్లు కేటాయించే పార్కింగ్ గళ్ల గురించి, ఈ సందేహాలు అడుగుతుంటాయి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్న వారికి కూడా ఇంట్లో బిడ్డ పుట్టగానే ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. ఒకే జవాబును పదిమందికి పదిసార్లు చెప్పవలసి వస్తున్నందున వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టవచ్చు. చట్టానికి, నోటీసులకు సంబంధించిన జవాబులు ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తిస్తాయి. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో కొన్ని నిబంధనలు వేరుగా ఉంటాయి.

## బయలుదేరే ముందు

ఈ పేరెంట్ బేలు అసలు ఎందుకు పెట్టారు? షాపు ద్వారానికి దగ్గరగా ఉండాలనేనా?

దగ్గరితనం కంటే వెడల్పు ముఖ్యమైన కారణం. బ్రిటన్‌లో మామూలు పార్కింగ్ బే సాధారణంగా 2.4 మీటర్ల వెడల్పు, 4.8 మీటర్ల పొడవు ఉంటుంది. ఈనాటి కార్లలో చాలావాటి వెడల్పు, పక్క అద్దాలతో కలిపి, 2 మీటర్లకు అటూఇటూగా ఉంటుంది కనుక రెండు కార్ల మధ్య మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు మాత్రమే మిగులుతుంది. పెద్దవాళ్లు ఎలాగో బయటపడగలరు గాని, బేబీ సీటును బుట్టలా పైకెత్తి తీయాలన్నా, బెల్టు విప్పి బిడ్డ తల పైకప్పుకు తగలకుండా బయటకు తీసుకోవాలన్నా కారు డోరు పూర్తిగా తెరుచుకోవాలి. ఆ డోరు తెరుచుకునే చోటు కోసమే పేరెంట్ బేల పక్కన గీతలు గీసిన అదనపు స్థలం ఉంటుంది.

ద్వారానికి దగ్గరగా పెట్టడానికి కారణం, నడక నేర్చిన పిల్లలు కదిలే కార్ల మధ్య ఎక్కువ దూరం నడవకుండా చూడడం. కారణం మంచిదే అయినా, ఈ బేల చుట్టూ జరిగే గొడవల్లో అధికభాగం ఆ దగ్గరితనం వల్లనే పుడుతున్నాయన్నది మా అభిప్రాయం. ఇవే బేలు పార్కింగ్ స్థలం చివర, నడకదారిని ఆనుకుని ఉంటే, పిల్లలు లేనివారిలో వాటివైపు తిరిగి చూసేవారే అరుదు.

ఎన్నేళ్ల పిల్లల వరకు ఈ బేలు వాడుకోవచ్చు?

దేశమంతటికీ వర్తించే ఒకే వయోపరిమితి లేదు. సూపర్‌మార్కెట్ పార్కింగ్ ప్రైవేటు స్థలం కనుక నిబంధన పెట్టే అధికారం ఆ స్థల యజమానికే ఉంటుంది, ఆ నిబంధన అక్కడి బోర్డు మీద రాసి ఉంటుంది. కొన్ని చోట్ల 12 ఏళ్ల లోపు పిల్లలని, కొన్ని చోట్ల 5 ఏళ్ల లోపు పిల్లలని రాస్తారు. మరికొన్ని చోట్ల వయసు చెప్పకుండా తల్లి, బిడ్డ బొమ్మ వేసి ఊరుకుంటారు. ఒకే కంపెనీకి చెందిన రెండు షాపుల్లోనూ బోర్డులు వేరుగా ఉండవచ్చు. పిల్లలు 12 ఏళ్లు నిండే వరకు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు పెరిగే వరకు, వీటిలో ఏది ముందైతే అది, తగిన కారు సీటులో కూర్చోవాలని బ్రిటన్ చట్టం చెబుతుంది గనుక, 12 అన్న అంకె చాలామందికి సహజంగానే తోస్తుంది.

బోర్డు అనుమతించడం ఒక సంగతి, అవసరం ఉండడం మరో సంగతి. తొమ్మిదేళ్ల అమ్మాయి తన బెల్టు తానే విప్పుకుని, డోరును పక్క కారుకు తగలకుండా తెరుచుకుని దిగగలదు. అటువంటప్పుడు మామూలు బేలో పెట్టి, వెడల్పు చోటును నెలల బిడ్డతో వచ్చేవారికి వదిలేయడం మర్యాద.

నేను ఎనిమిదో నెల గర్భిణిని. ఇంకా బిడ్డ పుట్టలేదు. ఈ బే వాడుకోవచ్చా?

బోర్డు మీద పిల్లలతో వచ్చేవారికి అని ఉంటే, ఆ మాటల ప్రకారం మీకు వర్తించదు. నిండు గర్భంతో ఇరుకు సందులోంచి దిగడం ఎంత కష్టమో షాపుల సిబ్బందికి తెలియనిది కాదు కాబట్టి కస్టమర్ సర్వీస్ కౌంటర్ దగ్గర అడిగితే కొన్ని చోట్ల అనుమతిస్తారు. ప్రైవేటు కంపెనీ నిఘా ఉన్న పార్కింగ్ అయితే, అనుమతి ఇచ్చినవారి పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకోవాలి. తర్వాత నోటీసు వస్తే నోటిమాట నిలవదు. అనుమతి దొరకకపోతే, వెంట వచ్చినవారు మిమ్మల్ని ద్వారం దగ్గర దింపి కారును వేరేచోట పెట్టడం సులువైన మార్గం.

వికలాంగుల బేలకూ వీటికీ చట్టంలో తేడా ఉందా?

పెద్ద తేడా ఉంది. వికలాంగులకు సేవల విషయంలో తగిన సౌకర్యాలు కల్పించడం 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం సంస్థల బాధ్యత. పేరెంట్ బేలు పెట్టాలని ఏ షాపునూ చట్టం నిర్బంధించదు. అవి పూర్తిగా షాపు మర్యాదకొద్దీ ఇచ్చే సౌకర్యం. అందుకే మీ ఊరి షాపులో అలాంటివి నాలుగే ఉన్నా, రేపు వాటిని కూడా తీసేసి కార్ల ఛార్జింగ్‌కు ఇచ్చినా, మేనేజర్‌కు ఫిర్యాదు రాయడం తప్ప చట్టపరంగా అడిగేది లేదు.

మా బాబుకు ఆరోగ్య సమస్య ఉంది, ఎప్పుడూ పరికరాలు మోయాలి. పేరెంట్ బేలు దొరకడం లేదు. వేరే దారి ఉందా?

ఉంది. తెలియక చాలామంది అడగరు. మూడేళ్ల లోపు పిల్లలకు, ఆరోగ్య కారణాల వల్ల బరువైన వైద్య పరికరాలు ఎప్పుడూ వెంట ఉండవలసి వచ్చినా, అత్యవసర చికిత్స కోసం వాహనం దగ్గరలో ఉండవలసి వచ్చినా, బ్లూ బ్యాడ్జ్ (వికలాంగుల బేలలో కారు పెట్టుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2019 ఆగస్టు 30 నుంచి పైకి కనిపించని వైకల్యాలు ఉన్నవారికి కూడా అర్హత నిబంధనలు విస్తరించారు కనుక, మూడేళ్లు దాటిన ఆటిజం పిల్లల తల్లిదండ్రులు కూడా ప్రయత్నించవచ్చు. దరఖాస్తు మీ కౌన్సిల్‌కు (స్థానిక ప్రభుత్వానికి) వెళుతుంది. ఇంగ్లండ్‌లో రుసుము 10 పౌండ్లు మించదు, వేల్స్‌లో ఉచితం. బ్యాడ్జ్ కారుకు కాదు, బిడ్డకు ఇస్తారు. బిడ్డ ప్రయాణంలో ఉన్నప్పుడే వాడాలి.

ఏ వేళకు వెళితే ఈ బేలు ఖాళీగా దొరుకుతాయి?

ఆదివారం మధ్యాహ్నం మాత్రం వద్దు. 1994 నాటి ఆదివారపు వ్యాపార చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన పెద్ద షాపులు ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపల వరుసగా ఆరు గంటలే తెరిచి ఉండాలి. వారమంతా విస్తరించే జనం ఆ ఆరు గంటల్లో కుదించుకుపోతారు. మామూలు రోజుల్లో, బడి పిల్లలు లోపలికి వెళ్లిపోయిన తర్వాత ఉదయం వేళ బేలు దొరకవచ్చు గాని, అప్పుడు మిగతా పసిపిల్లల తల్లులూ అదే ఆలోచనతో వస్తారు. రాత్రి భోజనాల వేళ నిశ్చింతగా ఉంటుంది.

## పార్కింగ్ స్థలంలోకి వచ్చాక

పేరెంట్ బేలన్నీ నిండిపోయాయి. మామూలు బేలో బిడ్డను దించడం ఎలా?

ద్వారం దగ్గర చక్కర్లు కొట్టే బదులు నేరుగా చివరికి వెళ్లండి. జనం పలుచగా ఉండే చోట, వరుసకు చివరి బే, అంటే ఒక పక్క గోడ కాకుండా గడ్డి గానీ నడకదారి గానీ ఉన్న బే, పేరెంట్ బే అంత పనికొస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. బ్రిటన్‌లో స్టీరింగ్ మన దేశంలో లాగే కుడివైపు ఉంటుంది, చాలామంది పిల్లల సీటును ముందు ప్రయాణికుడి వెనుక, అంటే ఎడమవైపు బిగిస్తారు. కనుక కారు నిలిచాక ఖాళీ స్థలం ఎడమవైపు ఉండేలా చూసుకోవాలి; దాన్నిబట్టి ముందుకు దూర్చాలా, వెనక్కు తిప్పి పెట్టాలా అన్నది తేల్చుకోవాలి. వెనక్కు పెడితే డిక్కీ పక్క కార్ల మధ్య చిక్కుకుపోయి, స్ట్రోలర్‌నూ సరుకులనూ పెట్టడం కష్టమవుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక చిక్కు ఏమిటంటే, మీరు దిగినప్పుడు ఖాళీగా ఉన్న పక్క బే తిరిగి వచ్చేసరికి నిండి ఉండవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఒకరు బిడ్డతో సురక్షితమైన నడకదారి మీద నిలబడి, మరొకరు కారును బయటకు తీయవచ్చు. ఒంటరిగా ఉంటే మాత్రం బిడ్డను దారిలో నిలబెట్టి కారు తీసే ఆలోచన చేయకండి. రెండో వైపు డోరు నుంచి ఎక్కించడమో, కస్టమర్ సర్వీస్ ద్వారా పక్క కారు నంబరు పిలిపించడమో చేయాలి.

చోటు చాలడం లేదని గీత మీదుగా, రెండు బేలు కలిపి పెడితే తప్పా?

తప్పే, ఖర్చుతో కూడిన తప్పు. కారు మొత్తం ఒకే బే గీతల లోపల ఉండాలన్నది చాలా ప్రైవేటు పార్కింగ్ బోర్డుల మీద ఉండే షరతు. బిడ్డ కోసం అలా పెట్టానన్న వివరణను కంపెనీ అంగీకరించవచ్చు, అంగీకరించకపోవచ్చు.

అయిదు నిమిషాల పనే కదా, వికలాంగుల బేలో పెట్టి వెళ్లవచ్చా?

వద్దు. ఆ అయిదు నిమిషాల్లో వీల్‌చైర్‌తో వచ్చినవారికి వెనుదిరగడం తప్ప వేరే దారి ఉండదు. మామూలు బేలో వారు దిగడమే సాధ్యం కాదు, మనకు కష్టం మాత్రమే.

మావారు లోపలికి వెళ్లి వస్తారు, నేను పాపతో కారులోనే కూర్చుంటాను. పాప కారులో ఉంది కదా, పేరెంట్ బేలో పెట్టుకోవచ్చా?

బోర్డు మాటలను అక్షరాలా చదివితే కొన్ని చోట్ల ఇది చెల్లుతుంది. అయితే పాప కారు దిగడం లేదంటే డోరు పూర్తిగా తెరవవలసిన పనే లేదు, అంటే ఆ వెడల్పు మీకు అక్కరలేదు. మామూలు బేలో కూర్చున్నా మీకు జరిగే నష్టం ఏమీ లేదు. పాపకు పాలు పట్టాలన్నా, డైపర్ మార్చాలన్నా వెడల్పు కావాలి గనుక అప్పుడు నిస్సంకోచంగా వాడుకోండి.

బాబు నిద్రపోయాడు. కారు తాళం వేసి, పాల ప్యాకెట్ ఒక్కటి తెచ్చుకుని రావచ్చా?

ఇండియాలో పెద్దవాళ్లు ఎవరో ఒకరు కారులో ఉండడం మామూలు కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడికి వచ్చాకే పుడుతుంది. పిల్లలను ఏ వయసు నుంచి ఒంటరిగా వదలవచ్చో బ్రిటన్ చట్టం అంకె చెప్పదు. కానీ అనవసరమైన బాధ గానీ ఆరోగ్యానికి హాని గానీ కలిగే విధంగా పిల్లలను వదిలితే 1933 నాటి బాలల చట్టం కింద తల్లిదండ్రుల మీద కేసు పెట్టవచ్చు. ఎండ తగిలే కారు లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది. దారిన పోయేవారు ఒంటరి బిడ్డను చూసి పోలీసులకు ఫోన్ చేయడం ఇక్కడ సాధారణమైన విషయం, వారు చేసినదానిలో తప్పు కూడా లేదు. నిద్ర చెడినా సరే, బాబును వెంట తీసుకువెళ్లండి. సాధ్యం కాకపోతే పాలు రేపటికి వాయిదా వేసుకోండి.

అమ్మమ్మ మనవణ్ణి తీసుకుని వస్తే? కన్న తల్లిదండ్రులే ఉండాలా?

బిడ్డ ఉంటే చాలు. అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, బిడ్డను చూసుకునే ఆయా, ఎవరు తెచ్చినా బిడ్డ దిగే తీరు ఒకటే. దీనికి మారుగా, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులున్నాయని, పిల్లలు లేకుండానే పేరెంట్ బేలో పెట్టేవారు ఉన్నారు. వారి ఇబ్బంది నిజమైనదే అయినా ఈ బే దానికి ఉద్దేశించినది కాదు. పెద్దవాళ్లను ద్వారం దగ్గర దింపి, లోపల బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి కారు పెట్టుకోవాలి.

కారులో బేబీ సీటు ఉంది, పిల్లలు మాత్రం నర్సరీలో ఉన్నారు. సీటు చూసి ఎవరూ ఏమీ అనరు కదా?

అనకపోవచ్చు. కానీ పిల్లలు లేని రోజున మీరూ పిల్లలు లేని డ్రైవరే. ఈ బేలను అక్రమంగా వాడేవారిలో మనలాంటి తల్లిదండ్రులే తక్కువేమీ కాదన్నది చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉన్న నిజం.

ఇద్దరు చిన్నపిల్లలతో ఒంటరిగా వస్తే, ట్రాలీని తిరిగి పెట్టి రావడానికి పిల్లలను కారులో వదలాలా?

పేరెంట్ బేలలో ట్రాలీల షెడ్డుకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడమే దీనికి మంచి మందు. ద్వారానికి ఇంకో పది అడుగులు దూరమైనా పరవాలేదు. సరుకులు ముందు డిక్కీలో సర్ది, ట్రాలీని పిల్లలతో సహా షెడ్డుకు తోసుకెళ్లి, అక్కడ పిల్లలను దించి చెయ్యి పట్టుకుని రావచ్చు. పిల్లలను ముందు ఎక్కిస్తే, కారు కనుచూపు మేరలో, కొన్ని అడుగుల దూరంలోనే షెడ్డు ఉండాలి. తాళం వేసే ట్రాలీలకు పౌండ్ నాణెం కావలసిన చోట్లు ఇంకా ఉన్నాయి కనుక ఒకటి కారులో ఉంచుకోండి. ట్రాలీని పక్క బే గీతల మీద వదిలి వెళ్లడం మాత్రం, తర్వాత బిడ్డతో వచ్చేవారి డోరుకు అడ్డం పెట్టడమే.

## ఇతరులతో ఇబ్బంది వచ్చినప్పుడు

పిల్లలు లేని మనిషి మా కళ్లముందే పేరెంట్ బేలో కారు పెట్టి వెళుతున్నారు. అడగవచ్చా?

అడగవచ్చు, కానీ అడిగే ముందు రెండు విషయాలు ఆలోచించాలి. వారి బిడ్డ అప్పటికే తల్లితోనో తండ్రితోనో లోపల ఉండి, వారు తీసుకువెళ్లడానికి వచ్చి ఉండవచ్చు. బ్లూ బ్యాడ్జ్ ఉండి, వికలాంగుల బేలు నిండినందున షాపు అనుమతితో ఇక్కడ పెట్టి ఉండవచ్చు. అన్ని వైకల్యాలూ కంటికి కనిపించవు. ఇవేవీ కాకుండా సోమరితనం కొద్దీ పెట్టినవారే అయినా, పరాయి మనిషిని సరిదిద్దే బాధ్యత మనకు లేదు. పసిబిడ్డను చంకనేసుకుని వాదనకు దిగడం వల్ల బే ఖాళీ అయిన సందర్భాలు తక్కువ.

లోపల కస్టమర్ సర్వీస్ కౌంటర్‌లో కారు నంబరు చెప్పండి. కొన్ని షాపులు మైకులో పిలుస్తాయి, కొన్ని సెక్యూరిటీని పంపుతాయి, కొన్ని చిరునవ్వు నవ్వి ఊరుకుంటాయి. ఊరుకునే షాపు అయితే మేనేజర్‌కు తేదీ, సమయం వేసి ఉత్తరం రాయండి. పోలీసులకు ఫోన్ చేయకండి: ఇది నేరం కాదు, వారు రారు. ఎవరైనా మిమ్మల్ని బెదిరించినా, చెయ్యి చేసుకున్నా అది వేరే విషయం, అప్పుడు 999.

నా బిడ్డ లోపల వాళ్ల నాన్నతో ఉంది. నేను కారు దిగగానే ఒకావిడ నిలదీసింది. ఏమనాలి?

ఒక్క వాక్యం చాలు: బిడ్డ లోపల ఉంది, తీసుకురావడానికి వెళుతున్నాను. నిజాన్ని ప్రశాంతంగా చెప్పి ముందుకు నడవండి. ఆవిడ గొంతు పెంచినా, మీరు మన దేశం నుంచి వచ్చినవారన్న దానిమీదికి మాట మళ్లించినా, సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్లి సిబ్బందికి తెలియజేయండి. జాతి మీద దూషణ అయితే పోలీసులకు 101కు ఫిర్యాదు చేయవచ్చు, అది నేరమే.

మా తెలుగు సంఘంలో తెలిసిన ఒకాయన ఎప్పుడూ అలాగే పెడతారు. చెప్పాలంటే మొహమాటంగా ఉంది.

అందరి ముందు అనకండి, వాట్సాప్ గ్రూపులో కారు ఫోటో పెట్టడం అంతకంటే వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు, "అన్నా, అక్కడ కంపెనీవాళ్లు ఫోటోలు తీసి నోటీసులు పంపుతున్నారంట, కాస్త చూసుకోండి" అంటే చాలు. మర్యాద గురించి చెబితే నొచ్చుకునేవారు వంద పౌండ్ల గురించి చెబితే శ్రద్ధగా వింటారు.

మా పాప డోరు తోసింది, పక్క కారుకు గీత పడింది. ఎవరూ చూడలేదు.

షాపు కెమెరా చూసి ఉంటుంది, ఆ సంగతి అటుంచినా మీ పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి వైపర్ కింద పెట్టండి. వాన పడుతుంటే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. గీత ఫోటో తీసుకోండి. తర్వాత అంతకంటే పెద్ద సొట్టను మీ ఖాతాలో వేయకుండా అది కాపాడుతుంది. పిల్లల వైపు డోరుకు చైల్డ్ లాక్ వేసి ఉంచితే ఈ సమస్య చాలావరకు రాదు.

## నోటీసు వచ్చాక

ఇది ప్రభుత్వం వేసిన ఫైనా?

కాదు. కౌన్సిల్ పంపేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్, ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. పొడి అక్షరాలు రెండింటికీ పీసీఎన్ కావడంతో చాలామంది బెదిరిపోతారు. రెండోది ఒప్పందం ఉల్లంఘించినందుకు అడిగే డబ్బు: బోర్డు చదివి కారు పెట్టారంటే షరతులకు ఒప్పుకున్నారని దాని వాదన. అలాగని అది చెల్లని కాగితం కాదు. చెమ్స్‌ఫర్డ్‌లో గడువు దాటిన ఒక కారుకు వేసిన 85 పౌండ్ల ఛార్జీ సమంజసమేనని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సాధారణంగా మొత్తం 100 పౌండ్ల వరకు ఉంటుంది, 14 రోజుల్లో చెల్లిస్తే కనీసం 40 శాతం తగ్గుతుంది.

బాబు నాతోనే ఉన్నాడు. అయినా పేరెంట్ బే పేరుతో నోటీసు వచ్చింది. ఎలా నిరూపించాలి?

ద్వారం దగ్గరి నంబరు ప్లేటు కెమెరాలు కారు వచ్చిన, వెళ్లిన సమయాన్ని చూస్తాయి. లోపల బిడ్డ ఉన్నాడో లేడో వాటికి తెలియదు. కనుక ఇలాంటి నోటీసులు ఎక్కువగా, నడుస్తూ ఫోటోలు తీసే మనిషి వల్ల వస్తాయి. మీరు లోపల ఉండగా అతను ఖాళీ కారును చూసి ఉంటాడు. ముందు షాపు మేనేజర్‌ను కలవండి: బిల్లు చూపించి, నిజమైన కొనుగోలుదారునని చెబితే, కంపెనీకి చెప్పి రద్దు చేయించగలిగేది వారే. బిల్లులో డైపర్లు, పాలపొడి ఉంటే మరీ మంచిది.

అక్కడ కుదరకపోతే కంపెనీకి 28 రోజుల్లోపు అప్పీలు రాయండి. బిల్లు, కారులోని పిల్లల సీటు ఫోటో, బోర్డు ఫోటో జతచేయండి. బోర్డు చెట్టుకొమ్మల చాటున ఉన్నా, వయసు నిబంధన స్పష్టంగా లేకపోయినా ఆ మాట తప్పక రాయండి. కంపెనీ తిరస్కరిస్తే, అది ఏ సంఘంలో సభ్యురాలో చూడాలి: బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ అయితే పోప్లా అనే అప్పీళ్ల సంస్థకు, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ అయితే ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్‌కు వెళ్లాలి. పోప్లాకు వెళ్లడానికి మీరు ఏమీ చెల్లించనక్కరలేదు, తిరస్కరణ తర్వాత 28 రోజుల గడువు ఉంటుంది.

ప్రైవేటు నోటీసులను చింపి పారేయమని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

ఇది పాతకాలపు సలహా. 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ప్రకారం, నడిపినది ఎవరో తెలియకపోయినా, కంపెనీ నిర్దిష్ట నిబంధనలు పాటించి ఉంటే వాహన కీపర్ (కారు ఎవరి పేరున నమోదై ఉందో వారు) నుంచే డబ్బు అడగవచ్చు. ఆ నిబంధనల్లో గడువులు ముఖ్యం: కారు మీద ఏ కాగితమూ అంటించకుండా నేరుగా పోస్టులో పంపే నోటీసు, పార్కింగ్ జరిగిన తర్వాత 14 రోజుల్లోపు కీపర్‌కు చేరాలి. తేదీలు లెక్కపెట్టి చూడండి, ఆలస్యమైతే అప్పీలులో అదే మొదటి వాక్యం కావాలి. పట్టించుకోకుండా వదిలేస్తే కంపెనీ కౌంటీ కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ మీకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పు మొత్తాన్ని నెలలోపు చెల్లించకపోతే అది ఆరేళ్లు క్రెడిట్ రికార్డులో ఉండి, ఇంటి రుణానికి అడ్డుపడుతుంది. చిరునామా మారినప్పుడు డీవీఎల్ఏకు (వాహనాలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థకు) చెప్పకపోవడం వల్ల, నోటీసు సంగతే తెలియక తీర్పు దాకా వెళ్లినవారు ఉంటారు.

ఇది వీసా పొడిగింపుకు, ఐఎల్ఆర్‌కు (శాశ్వత నివాస అనుమతికి) అడ్డమా?

ప్రైవేటు పార్కింగ్ ఛార్జీ నేరం కాదు కాబట్టి, చెల్లించినా, అప్పీలులో రద్దయినా దాని వల్ల భయపడవలసినది లేదు. వీసా దరఖాస్తులో మాత్రం, అప్పు చెల్లించనందుకు వచ్చిన కోర్టు తీర్పులు ఏమైనా ఉన్నాయా అని అడిగే ప్రశ్న ఉంటుంది. అంటే కాగితం కోర్టు దాకా వెళ్లి తీర్పుగా మారితే, దానిని దాచకుండా రాయవలసి వస్తుంది. తీర్పు వచ్చి ఉంటే దరఖాస్తుకు ముందే ఇమ్మిగ్రేషన్ సలహాదారును కలవండి.

కారుకు క్లాంప్ (చక్రం కదలకుండా బిగించే తాళం) వేస్తామని బోర్డు మీద ఉంది. వేయగలరా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలంలో, చట్టబద్ధమైన అధికారం లేకుండా కారుకు క్లాంప్ వేయడం 2012 అక్టోబరు నుంచి నేరం. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో అలాంటి బోర్డు కనిపిస్తే అది తీయడం మరిచిపోయిన పాత బోర్డు అయి ఉంటుంది. ఎవరైనా నిజంగానే వేస్తే డబ్బు చెల్లించకుండా ఫోటో తీసి పోలీసులకు చెప్పండి.